ఏడో తరగతి ప్రాజెక్టు: కాకతీయుల కాలంలో ఎవరి పని ఏమిటి? చీటీలు వేసి చిక్కులో పడ్డాను

చాక్‌పీసు టీచరమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఏడో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు. కాకతీయుల పాఠం అయ్యాక "ఆ రోజుల్లో సమాజంలో ఎవరి పని ఏమిటి" అని ప్రాజెక్టు ఇచ్చాను. వచ్చిన చార్టులు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముప్పై మంది ఒకటే బొమ్మ దించుకొచ్చారు. త్రికోణం, కొసన రాజు, కింద నైట్లు (యూరప్ గుర్రపు యోధులు), అట్టడుగున సెర్ఫులు (దొర భూమికి కట్టుబడ్డ రైతులు). ఒకడు సెర్ఫు పక్కన పందిని కూడా వేశాడు. ఎందుకురా అంటే, ఫోన్లో అట్లనే ఉంది టీచర్ అన్నాడు. బస్సెక్కితే గంటలో ఓరుగల్లు కోటకు పోయే ఊళ్లో ఉండి నా పిల్లలు ఇంగ్లండు రైతును గీసుకొచ్చారు.

సరే, మన సంగతే చేద్దామని రెండో వారం చీటీలు వేశాను. మహారాజు, నాయకుడు, రెడ్డి, కరణం, తలారి, పురోహితుడు, కమ్మరి, కంసాలి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, ఇలా. ఎవరికి ఏ చీటీ వస్తే ఆ మనిషిగా రెండు నిమిషాలు మాట్లాడాలి. రుద్రమదేవి చీటీ వచ్చిన పిల్ల ఎగిరి గంతేసింది. ఆ తరవాత ఒక అబ్బాయికి చాకలి చీటీ వచ్చింది. వాళ్ల నాన్నకు నిజంగానే బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి ఉంది. వెనక బెంచీలోంచి ఎవడో "కరెక్టుగ పడిందిరా" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్లవాడు చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని కూర్చున్నాడు. ఇంక నోరు విప్పలేదు.

తప్పు నాదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే నెల ప్రదర్శన ఉంది, ప్రాజెక్టు మానేయలేను. ఆ త్రికోణం మనకు పనికొస్తుందా? పనికిరాకపోతే దాని బదులు ఏం పెట్టాలి? ఏ పిల్లవాడూ తల దించుకోకుండా, అబద్ధమూ చెప్పకుండా దీన్ని ఎలా నడపాలి?

షార్ట్‌కట్ శీను:

మేడమ్, ఇంత ఆలోచన ఎందుకు? త్రికోణం అలాగే ఉంచి పేర్లు మార్చేయండి. రాజు చోట ప్రతాపరుద్రుడు, నైటు చోట నాయకుడు, సెర్ఫు చోట రైతు. పిల్లలకు గుర్తుంటుంది, మార్కులూ పడతాయి. చీటీల గొడవ అంటారా, రెండు రోజుల్లో పిల్లలే మర్చిపోతారు.

నీరటోళ్ల మనుమడు:

శీనూ, నవ్విన పిల్లలు మర్చిపోతారు తమ్ముడూ. చీటీ జేబులో పెట్టుకున్నోడు మర్చిపోడు. ఈ మాట నాకెట్ల తెలుసో చెప్తా.

టీచరమ్మా, నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనోణ్ని. చరిత్ర పండితుణ్ని కాదు. తూములూ కట్టలూ తనిఖీకి తిరుగుతుంటే ప్రతి చెరువు దగ్గరా ఏదో ఒక రాతిశాసనం కనపడేది, ఆ పిచ్చితోటే పుస్తకాలు పట్టిన. అంతకంటే ముందు, మా తాత మా ఊరి చెరువుకు నీరటి. మత్తడి దుంకిందంటే ఊరంతా తమాషా చూడపోతే, ఆయన మాత్రం గొంగడి కప్పుకొని కట్ట మీద బుంగలు వెతికేటోడు. నాట్లప్పుడు ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయన చెప్పిందే. ఒకసారి మా పటేలు రాత్రికి రాత్రి కాలువ తన చేను దిక్కు తిప్పుకున్నడు. తెల్లారి తాత పోయి పార తీసి గండి పూడ్చి వచ్చిండు. పటేలు కిక్కురుమనలేదు, నీళ్ల దగ్గర నీరటిని కాదంటే రేపు ఆయన మడికీ దిక్కుండదు. అదే తాత పటేలు వాకిట్లోకి పోవాలంటే చెప్పులు చేతపట్టుకొని పోయేటోడు. ఇప్పుడు చెప్పు శీనూ, నీ త్రికోణంలో మా తాతను ఏ గడిలో పెడతవ్?

త్రికోణంతో అసలు తంటా అదే. ఎవడు ఎవడి మీద కూర్చున్నడో చూపిస్తది, ఎవడు ఎవడికి ఏమివ్వాలో చూపించదు. కాకతీయుల శాసనాలు చదివితే కనపడేదంతా రెండోదే. ఫలానా మనిషి ఫలానా గుడికి ఇంత ఇచ్చిండు, దానికి బదులు ఇంకో మనిషి రోజూ ఇది చెయ్యాలె. శాసనాల నిండా ఇసొంటి ఒప్పందాలే.

నాయకుణ్ని నైటు అనుకుంటే కొంత పోలిక ఉంది, లేదనను. రాజు కొన్ని ఊళ్ల రాబడి రాసిస్తడు, నాయకుడు దానితో బలగాన్ని పోషించి యుద్ధానికి తేవాలె. దీన్నే నాయంకరం అన్నరు, ప్రతాపరుద్రుడి కాలం శాసనాల్లో ఈ మాట బాగా కనపడతది. కానీ నైటంటే పిల్లలకు గుర్రం, ఇనుప తొడుగు, అంతే. మన దగ్గర జాయపసేనానిని చూడండి. గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి పెద్ద. ఆయనే 1254 ప్రాంతంలో నృత్తరత్నావళి రాసిండు, నాట్యశాస్త్రం మీద. పొద్దున ఏనుగుల కొట్టం, మాపటికి అడుగులూ తాళాలూ. ఇంకో సంగతి, వర్ణం మాట ఎత్తిన శాసనాల్లో ఎక్కువచోట్ల కాకతీయులు తమది చతుర్థ కులమనే, అంటే శూద్రులమనే చెప్పుకున్నరు. నాలుగు వర్ణాల నిచ్చెన గీస్తే సింహాసనం మీదున్నోళ్లు కింది మెట్టు మీద పడతరు. ఇది పిల్లలకు చెప్పి ఊరుకోండి, మిగతాది వాళ్లే కొట్లాడుకుంటరు.

ఇక ఆయగాళ్ల ముచ్చట, అంటే ఊరి పనులు చేసి పంటలో వంతు తీసుకునేటోళ్లు. పన్నెండు మంది అని బడి పుస్తకం లెక్క కడుతది గానీ, అన్ని ఊళ్లల్లో అదే పన్నెండు కాదు. చెరువున్న ఊళ్లో నీరటి ఉంటడు, లేని ఊళ్లో ఉండడు. వాళ్లకు జీతమంటే రెండు రకాలు. కొంత మాన్యం భూమి, పంట రాగానే కల్లంలో మేర. మా తాత కాలానికీ అదే నడిచింది. వడ్లు తూర్పార పట్టి రాశి పోసినంక, గాదెకు ఎత్తకముందే కమ్మరికిన్ని కుంచాలు, కుమ్మరికిన్ని, నీరటికిన్ని అని కొలిచి పక్కన పోసేది. చిన్నప్పుడు తాత వెంట కల్లంకాడికి గోనెసంచి పట్టుకొని పోయిన నేను. చలికి వణుక్కుంట మా వంతు కోసం కూర్చునేటోళ్లం. బిచ్చం అనుకోలేదు మేము. కొలత తక్కువైతే తాత గట్టిగ అడిగేటోడు.

బడిలో నన్ను కూడా "నీరటోడు" అనే పిలిచేటోళ్లు. ఒక సారుకు నా పేరే తెలియదు. అందుకే చెప్తున్న, చీటీ మీద కులం పేరు రాయకండి. పని రాయండి, ఆ పనిలో చిక్కు కూడా రాయండి. ఉదాహరణకు ఒక చీటీ: "నువ్వు మోటుపల్లి రేవులో సరుకు దించే వర్తకుడివి. దారిలో తుపాను తగిలి ఓడ పగిలింది. సరుకు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది ఎవరిది?" దీనికి జవాబు శాసనంలోనే ఉంది. ముందటి రాజులు అట్ల కొట్టుకొచ్చిన సొత్తంతా గుంజుకునేటోళ్లు. గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప మిగిలినదంతా వర్తకుడిదే అన్నడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేటోళ్లకు ప్రాణం కన్నా సొమ్మే ఎక్కువ కదా, అందుకని దయతలిచి వదులుతున్నమని కూడా చెక్కించిండు. రాజు నోట ఆ మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఇంకో చీటీ దశబంధం మీద రాయండి. చెరువు తవ్వించినోడికి, దాని కింద పారే భూమిలో పదో వంతు మాన్యం. మరి కట్ట తెగితే? మరమ్మతు చేయాల్సింది ఎవరు? ఆ పదో వంతు తింటున్నోడే. దీంట్లో రాజూ పేదా అన్న గొడవే లేదు, పిల్లలు అడిగే ప్రశ్నలే వేరే ఉంటయి. బయ్యారం చెరువు సంగతి కూడా జత చేయండి. అది తవ్వించింది గణపతిదేవుడి అక్కచెల్లెళ్లలో ఒకామె, మైలాంబ. ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. కాకతీయుల వంశం ఎక్కడ మొదలైందో చెప్పే శాసనాల్లో ముఖ్యమైంది ఆ చెరువు దగ్గరే దొరికింది.

రాళ్లు మోసినోళ్ల చీటీ మర్చిపోకండి. రాయచూరు కోట గోడలో 41 అడుగుల పొడుగు రాయి ఒకటి ఉంది. 1294లో కాకతీయుల సామంతుడు గోన విఠలుడు కోట కట్టించినట్టు దాని మీద శాసనం. దగ్గర్లోనే ఆ రాయిని బండి మీదికెక్కించి పశువులతో లాగిస్తున్న బొమ్మ కూడా చెక్కి ఉంది. విఠలుడి పేరు అక్షరాల్లో ఉంది, బండి తోలినోళ్లు బొమ్మలో ఉన్నరు. ఒక పిల్లకు ఆ బండి మనిషి పాత్ర ఇచ్చి చూడండి.

ఊరి బయటోడు:

నీరటోళ్ల అన్నా, మీ తాత కథ బాగుంది. ఒక్కటి అడుగుతా, ఏమనుకోవద్దు. "బిచ్చం అనుకోలేదు" అన్నారు. అదే కల్లంలో మా తాత కూడా ఉండేవాడు, వెట్టి. ఊళ్లో ఎవరికి కబురు మోయాలన్నా, ఎవరు వచ్చినా గడ్డి కట్టెలు చేర్చాలన్నా ఆయనే. మేర అందరికంటే చివర, తాలు కలిసిన గింజలు. మా వాడకట్టు ఊరి బయట. ఒప్పందం అంటే ఇద్దరూ ఒప్పుకోవాలి కదా. మా తాత కాదంటే ఏమయ్యేదో అది కూడా పిల్లలకు చెప్పాలి.

మేడమ్ గారూ, పని పేరు రాస్తే కులం మాయమవుతుందనుకోవద్దు. చెప్పులు కుట్టే పని అని రాసినా పిల్లలకు తెలిసిపోతుంది. నన్నడిగితే చీటీలే వద్దు. ఎవరికి నచ్చింది వాళ్లను ఎంచుకోనివ్వండి. పల్నాటి కథ కూడా చెప్పండి. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టాడనీ, మాలవాడైన కన్నమదాసు చేతికి సేనను అప్పగించాడనీ వీరగాథ చెప్తుంది. పన్నెండో శతాబ్దం వాళ్లలో కూడా ఈ పద్ధతి తప్పు అన్నవాళ్లున్నారని పిల్లలకు తెలియాలి.

నీరటోళ్ల మనుమడు:

ఏమనుకోను తమ్ముడూ. నువ్వన్నది నిజం. మా వంతు కొలిచినంక మేము లేచి వచ్చేటోళ్లం, మా వెనక ఎవరు కూర్చున్నరో నేను తిరిగి చూడలేదు. ఇన్నేండ్లకు నువ్వంటే యాదికొస్తున్నది. టీచరమ్మా, చీటీల సంగతి తమ్ముడు చెప్పినట్టే చేయండి. ఎంచుకోనియ్యండి.

మందడం ఆడపడుచు:

ఇంతసేపటి నుంచి చదువుతున్నాను, ఆడవాళ్లు రుద్రమదేవి, మైలాంబ తప్ప ఎవరూ రాలేదేమండీ! మా అమ్మమ్మగారిది మందడం. పక్కనే మల్కాపురం. అక్కడ 1261 నాటి శాసనం ఉంది. రుద్రమదేవి మందడాన్ని గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ఇస్తే, ఆయన అక్కడ మఠం, గుడి, చదువు చెప్పే చోటు, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం పెట్టించాడు. వాటిలో ఎవరెవరు పనిచేయాలో వరసపెట్టి రాయించాడు. మీ ప్రాజెక్టు ఆయన అప్పుడే చేసి రాతి మీద పెట్టేశాడన్నమాట.

నాట్యం చేసేవాళ్లు పదిమంది, పాటకత్తెలు, మద్దెలలవాళ్లు, వంటవాళ్లు, ఊరికి కాపలా కాసే వీరభద్రులు, కంసాలి, కంచరి, కాసె (రాతిపనివాడు), వడ్రంగి, కుమ్మరి, కమ్మరి, మంగలి, మేదర పనివాళ్లు. కాశ్మీరం నుంచి వచ్చిన గాయకుడు కూడా ఒకాయన ఉన్నాడు! అంత దూరం నుంచి కృష్ణ ఒడ్డుకు ఎందుకు వచ్చాడో, మన భోజనం ఎలా వంటబట్టిందో అని చిన్నప్పుడు తెగ ఊహించుకునేదాన్ని. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా ఎప్పుడైనా అన్నం పెట్టాలని ఉంది. ఊరి బయటోడు తమ్ముడు చెప్పిన చాపకూడు పక్కన ఇది కూడా పెట్టండి. ఆ మాట రాయాల్సి వచ్చిందంటేనే మిగతాచోట్ల అలా పెట్టేవాళ్లు కాదని కూడా అర్థం.

టీచర్ గారూ, ప్రసూతిశాలలో మంత్రసాని పాత్ర ఒక పిల్లకి ఇవ్వండి. గుడి కొలువులో ఉన్న సానుల గురించి చెప్పేటప్పుడు మాత్రం కాస్త ఆలోచించండి. ఈనాటి తెలుగులో ఆ మాట తిట్టయిపోయింది. శాసనాల్లో సాని మున్నూరు అని వాళ్లకో సమూహం ఉండేది. నూనె వ్యాపారులకు తెలికి వేవురు ఉన్నట్టే. గుళ్లకు దానాలిచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. మాటకు మచ్చ తరవాత పడింది.

రుద్రమదేవి చీటీకి గంతేసిన పాపకు ఒక సంగతి చెప్పండి. చాలా శాసనాల్లో ఆవిడ పేరు రుద్రదేవ మహారాజు అని మగపేరుగానే ఉంటుంది. మోటుపల్లి సంగతులు రాసిన మార్కోపోలో ఆవిడ పాలన న్యాయంగా ఉందని మెచ్చుకున్నాడు. కానీ చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. నిజానికి గణపతిదేవుడి కూతురు. కూతురు గద్దెనెక్కుతుందని ఆయన బుర్రకు తట్టి ఉండదు.

షార్ట్‌కట్ శీను:

సరే, త్రికోణం వెనక్కి తీసుకుంటున్నా. కానీ నలభై రెండు పాత్రలు ఎక్కణ్నుంచి తెస్తారు? క్రీడాభిరామం అని ఓరుగల్లు మీద పాత తెలుగు పద్యాల పుస్తకం ఉంది, అది చూడమనండి. అందులో ఇద్దరు స్నేహితులు ఊళ్లో ఒక రోజంతా తిరుగుతారు. పూటకూళ్ల ఇల్లు, జూదాలు, పందాలు, వీధి ఆటలు అన్నీ ఉంటాయి. ఒక్క రూక ఇస్తే కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంటకాలతో భోజనం పెట్టే ఇల్లు కూడా ఉంది. పద్యాలన్నీ ఏడో తరగతికి చదివించదగ్గవి కాదు, మీరే ఏరి ఇవ్వండి.

చాక్‌పీసు టీచరమ్మ:

అందరికీ చేతులెత్తి దండం. మూడు వారాల తరవాత వస్తున్నాను.

చీటీలు తీసేశాను. గోడకు పెద్ద తెల్లకాగితం అంటించి మధ్యలో చెరువు గీశాం. దాని చుట్టూ కల్లం, గుడి, సత్రం, రేవు (రేవుకు వంద కోసుల బాణం వేశారు పిల్లలు, కోసు ఎంతో వాళ్లకూ తెలియదు). ఎవరికి నచ్చిన చోట వాళ్లు నిలబడి, పక్కవాడికి తాను ఇచ్చేది ఒక దారంతో, తనకు వచ్చేది ఇంకో దారంతో కట్టాలి. రాజు దగ్గరకు పన్ను దారాలన్నీ పోయాయి. ఇల్లరి (ఇంటి పన్ను), పుల్లరి (పశువుల మేత పన్ను) అని పేర్లు కూడా రాశారు. కానీ ఎక్కువ దారాలు చిక్కుపడ్డది నీరటి దగ్గర. సార్ చూస్తే సంతోషపడేవారు. వెట్టి అన్న కాగితానికి ఇచ్చే దారాలు తొమ్మిది, వచ్చేది ఒకటి. నేనేమీ చెప్పలేదు. వెనక బెంచీవాడే దాని ముందు చాలాసేపు నిలబడి లెక్కపెట్టాడు.

చీటీ మడిచిన అబ్బాయి ఒక గొర్రెల కాపరిని ఎంచుకున్నాడు. గుడిలో అఖండదీపం కోసం దాత యాభై గొఱియలు ఇస్తే, వాటిని తీసుకుని ఆచంద్రార్కం రోజూ మానెడు నెయ్యి పోయాల్సిన బోయ. వాడి రెండు నిమిషాలూ బ్రహ్మాండంగా మాట్లాడాడు. చివర్లో నన్నే ఒక ప్రశ్న అడిగాడు, జవాబు నాకు రాలేదు. "టీచర్, సూర్యచంద్రులు ఉన్నంత కాలం అని రాసిండ్రు. మరి గొర్రెలు సచ్చిపోతే నెయ్యి ఎవరు పొయ్యాలె?"

నీరటోళ్ల మనుమడు:

పిల్లగాడు గట్టోడు. వాడికి చెప్పండి, ఆ లెక్క అప్పట్లోనే వేసుకున్నరు. తమిళ శాసనాల్లో ఇసొంటి గొర్రెలను "సావా మూవా పేరాడు" అంటరు, చావనివి, ముసలివి కానివి అని. చచ్చినవాటి చోట పుట్టిన పిల్లలను లెక్కలో కలుపుకొని మంద ఎప్పుడూ అంతే ఉన్నట్టు చూడాల్సింది కాపరే. రోగమొచ్చి మంద తుడిచిపెట్టుకుపోయినా దీపానికి నెయ్యి అయితే ఆగొద్దు. మరి లెక్కకు మించి పిల్లలు పుడితే అవి ఎవరివి అని ఈసారి మీరు వాణ్ని అడగండి.

చాక్‌పీసు టీచరమ్మ:

అడిగాను సార్. "నావే" అన్నాడు, ఆలోచించకుండా.